86 ఫ్లాట్లు, 131 తాళంచెవులు: అద్దె ఇళ్ల మేనేజర్‌గా నా మొదటి 14 నెలలు

జనవరి 6 ఉదయం పాత మేనేజర్ నా చేతిలో ఒక అట్టపెట్టె పెట్టాడు. నిండా తాళంచెవులు. కొన్నిటికి చీటీలున్నాయి, కొన్నిటికి దారం మాత్రం మిగిలింది. “అన్నీ ఇందులోనే ఉన్నాయి మేడమ్” అని చెప్పి మధ్యాహ్నానికల్లా వెళ్లిపోయాడు. నాలుగు బిల్డింగులు, 86 ఫ్లాట్ల అప్పగింత ఆ ఒక్క పూటతో అయిపోయింది. లెక్కపెడితే 131 చెవులు తేలాయి. ఖాళీ ఫ్లాట్లకీ, మీటర్ల గదులకీ, పైకప్పు తలుపులకీ ఒక్కోటీ పెట్టి చూశాను. మనుషులున్న ఇళ్లకు వాళ్లని అడిగి, వాళ్ల ముందే పెట్టి చూశాను. వారం పట్టింది. 19 చెవులు ఏ తలుపుకూ పట్టలేదు. పారేయడానికి ధైర్యం చాలక ఇప్పటికీ సొరుగులోనే ఉంచాను.

అంతకు ముందు 9 ఏళ్లు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూశాను. ఈ ఉద్యోగానికి సెప్టెంబరు మధ్యలో అప్లై చేస్తే డిసెంబరు 12న ఉత్తరం వచ్చింది. మధ్యలో మూడు ఇంటర్వ్యూలు. ఓనర్లు ముగ్గురు తోబుట్టువులు. వ్యవహారమంతా చూసేది పెద్దాయన. చివరి ఇంటర్వ్యూలో ఆయన అడిగింది ఒకే ప్రశ్న: “రాత్రి రెండింటికి మూడో అంతస్తులో పైపు పగిలిందమ్మా, ముందు ఏం చేస్తావు?” ప్లంబర్‌కి ఫోన్ చేస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “ముందు నీళ్లు కట్టెయ్యాలి. వాల్వు ఎక్కడుందో తెలియకుండా ప్లంబర్‌ని పిలిస్తే, అతనొచ్చేదాకా ఇద్దరూ కలిసి నీళ్లు చూస్తూ నిలబడాల్సిందే.” ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఎందుకిచ్చారో తర్వాత అడిగితే, లెక్కలు వచ్చినవాళ్లకి పైపులు నేర్పొచ్చు గానీ, పైపులు వచ్చినవాళ్లకి లెక్కలు నేర్పడం ఇదివరకే ప్రయత్నించి చూశామన్నారు.

జీతం సంగతి ముందే చెప్పేస్తాను. కొంత స్థిర జీతం, దానిమీద వసూలైన అద్దెల్లో 3 శాతం. “వసూలైన” అన్న మాటని అగ్రిమెంటు చదివేటప్పుడు తేలిగ్గా దాటేశాను. జనవరిలో మనుషులున్న ఇళ్లు 77. ఐదో తేదీకి 48 ఇళ్ల అద్దె వచ్చింది, పదో తేదీకి 63, నెలాఖరుకి 69. మిగతా ఎనిమిది ఇళ్ల వాటాలో నాకూ సున్నాయే. మొదటి మూడు నెలలూ పాత ఉద్యోగంలో కంటే తక్కువే చేతికొచ్చింది. పాత జీతంతో సమానమవడానికి ఎనిమిదో నెల దాకా ఆగాల్సి వచ్చింది. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని రండి.

తాళాల తర్వాత ఫైళ్లు తెరిచాను. 77 ఇళ్లకి గాను 61 అగ్రిమెంట్లే దొరికాయి. అందులో 11 గడువు దాటిపోయినవి. అకౌంట్స్ మనిషిని కదా, కాగితం లేకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. అందుకని జనవరి 20న 77 ఇళ్లకీ ఒక్కో ఉత్తరం ఇచ్చాను: మీ అద్దె ఇంత, డిపాజిట్ ఇంత, గడువు ఫలానా తేదీ దాకా, ఇదీ నా దగ్గరున్న లెక్క, తేడా ఉంటే 15 రోజుల్లో చెప్పండి అని. చిన్న పనే అనుకున్నాను.

31 మంది జవాబిచ్చారు. అందులో 14 మంది చెప్పినవి ఏ కాగితం మీదా లేవు. ఒకాయన తన ఖర్చుతో రంగులు వేయించుకున్నాడట, రెండు నెలల అద్దెలో తగ్గిస్తామన్నారట. ఒకామెకి పార్కింగ్ ఊరికే ఇస్తామన్నారట. ఇంకొకరికి మూడేళ్ల దాకా అద్దె పెంచబోమని మాట ఇచ్చారట. నాలుగో అంతస్తు పెద్దావిడైతే, “లిఫ్ట్ ఖర్చు నా దగ్గర తీసుకోనన్నాడమ్మాయ్, ఆ అబ్బాయి మంచివాడు” అంది. ఆ మంచి అబ్బాయికి, అంటే పాత మేనేజర్‌కి, ఫోన్ చేశాను. కొన్ని ఒప్పుకున్నాడు, కొన్ని గుర్తులేవన్నాడు. నాలుగోసారి నుంచి ఎత్తడం మానేశాడు.

ఎవరు నిజం చెబుతున్నారో తేల్చడం నా వల్ల కాలేదు. రాత్రిళ్లు అదే ఆలోచన. నమ్మితే ఓనర్ల డబ్బు పోతుంది, నమ్మకపోతే నిజం చెప్పినవాళ్ల ముందు నేను దొంగనవుతాను. చివరికి పెద్దాయనతో రెండుసార్లు కూర్చున్నాక ఒక పద్ధతి కుదిరింది. పాత మెసేజీ, రసీదు, పక్కింటివాళ్ల సాక్ష్యం, ఏ చిన్న ఆధారమున్నా పూర్తిగా ఒప్పుకోవాలి. ఏమీ లేకపోతే సగం మేం భరించాలి, సగం వాళ్లు. ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. మిగతావాళ్లు సరే అన్నారు. అన్నీ తేలి కొత్త కాగితాల మీద సంతకాలయ్యేసరికి మార్చి 12 అయింది. అప్పటినుంచి నేను నోటితో ఏం చెప్పినా సాయంత్రం అదే మాట మెసేజీగా పెడతాను. “రేపు ప్లంబర్ వస్తాడు” అన్నా సరే. మొదట్లో జనం నవ్వారు.

ఈలోగా ఫిబ్రవరి 10 నుంచి ఇల్లిల్లూ చూడటం మొదలుపెట్టాను. ముందుగా రాసి ఇచ్చి, వాళ్లు ఒప్పుకున్న వేళకే వెళ్లాను. ఇంటికి 20 నిమిషాలు చాలనుకున్నాను. 50 పట్టేది, ఎందుకంటే మేనేజర్ అన్న మనిషి ఇంట్లోకొచ్చి కూర్చోవడం చాలామందికి అదే మొదటిసారి. పక్కింటి కుక్క దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోయేది మాట. నా సంచిలో టార్చి, టేపు, కాసిని పేపరు తువ్వాళ్లు, ఒక ఫుడ్ కలర్ సీసా. ఆ రంగు సంగతి మా ప్లంబర్ చెప్పాడు: టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కలు వేసి, పావుగంట ఫ్లష్ చేయకుండా వదిలేస్తే, కింద గిన్నెలో రంగు కనిపిస్తే లోపల రబ్బరు పాడైనట్టు. చప్పుడుండదు, పగలూ రాత్రీ నీళ్లు పోతూనే ఉంటాయి. 77 ఇళ్లలో 13 చోట్ల రంగు దిగింది. రబ్బరు ముక్క ఖర్చు లెక్కలోకి రాదు. తర్వాతి నీటి బిల్లు చూసి పెద్దాయన మీటరు చెడిపోయిందేమో కనుక్కోమన్నారు.

పొగ అలారాలు మాత్రం భయపెట్టాయి. వంటగదిలో ఊరికే మోగుతోందని బ్యాటరీ తీసేసినవాళ్లు తొమ్మిదిమంది. అలారానికి పదేళ్లు దాటితే మార్చాల్సిందే. వెనకాల తయారైన తేదీ ఉంటుంది, మూత తిప్పి చూడండి. మా దగ్గర సగానికి పైగా గడువు దాటినవే. మొత్తం మార్పించడానికి ఓనర్లని ఒప్పించడం ఒక నెల పని.

ఇక ఏప్రిల్ 17.

రాత్రి 2 గంటల 10 నిమిషాలకి ఫోను మోగింది. రెండో బిల్డింగు 204 నుంచి. “మేడమ్, మా హాల్లో వాన పడుతోంది.” పైన 304లో వంటగది సింకు కింద పైపు జాయింటు ఊడిపోయింది. ఈ ఘడియ కోసమే నన్ను ఇంటర్వ్యూలో అడిగారు కదా, వాల్వు ఎక్కడుందో నాకు తెలుసు. ఆటో వేగంగా పోతున్నట్టే లేదు, మనసంతా ఆ వాల్వు మీదే. టార్చితో నేరుగా దాని దగ్గరికే వెళ్లాను. పట్టుకుని తిప్పాను. కదల్లేదు. ఎన్నేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదో, తుప్పుతో బిగుసుకుపోయింది. 304 అబ్బాయి, నేను కలిసి తిప్పినా రాలేదు. ఎక్కడుందో తెలుసుకున్నాను గానీ, తిరుగుతుందో లేదో ఒక్కసారీ చూసుకోలేదు.

చివరికి పైకెక్కి ట్యాంకు నుంచి వచ్చే మెయిన్ కట్టేశాను. 24 ఇళ్లకి నీళ్లు ఆగిపోయాయి. అప్పటికి 40 నిమిషాలు నీళ్లు పారాయి. 204లో హాలు సీలింగు బోర్డు ఉబ్బి, మధ్యలో పగిలి, సోఫా మీద పడింది. ఆ ఇంటావిడ మంచం మీద కూర్చుని పిల్లాడి పుస్తకాల్లో తడిసిన పేజీలు ఒక్కొక్కటే విడదీస్తోంది. నన్ను ఒక్క మాటా అనలేదు. తిడితే తేలిగ్గా ఉండేది. మెట్ల మీదకొచ్చి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుందామంటే నీళ్లు లేవు.

ప్లంబర్ 4 గంటలకి వచ్చాడు, రాత్రిపూట కాబట్టి రెట్టింపు కూలి. జాయింటు బిగించడం 20 నిమిషాల పని, వాల్వు మార్చడానికి ఉదయం 9:30 అయింది. మిగతా 23 ఇళ్లవాళ్లూ స్నానాలు లేకుండా ఆఫీసులకి పోతూ నన్ను చూసిన చూపులు నాకు బాగా గుర్తున్నాయి. ఒక్క సంగతి ఎవరో ముందే చెప్పడం మంచిదైంది: తడిసిన గోడ ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుందని. ఉదయం పది గంటలకల్లా తడిసిన బోర్డు కోసి తీయించి, పెద్ద ఫ్యాన్లు, తేమ లాగే మెషీను అద్దెకి తెప్పించాను. నాలుగు రోజులు నడిచాయి. ఆ నాలుగు రోజులూ 204 వాళ్లని మా ఖాళీ ఫ్లాటులో ఉంచాం.

ఇన్సూరెన్సు ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. పరిశీలనకి వచ్చినాయన మొదట అడిగింది, “ఈ లీకు ఎప్పుడు మొదలైంది?” అని. ఒక్కసారిగా పగిలితే డబ్బు ఇస్తారు, నెలల తరబడి కారుతూ ఉన్నదైతే అది మీ నిర్లక్ష్యం అంటారు. 304 అబ్బాయి అమాయకంగా నిజం చెప్పేశాడు: “అక్టోబరులోనే చుక్కలు పడుతున్నాయని పాత సార్‌తో చెప్పానండీ, చూస్తామన్నారు.” ఫైల్లో ఆ ఫిర్యాదు లేదు. నేను ఫిబ్రవరిలో ఆ ఇల్లు చూసినప్పుడు సింకు కింద పేపరు పెట్టి తుడిచాను, పొడిగానే ఉంది, ఫొటో కూడా ఉంది, తేదీతో సహా. ఆ ఒక్క ఫొటో మమ్మల్ని కాపాడింది. అయినా 11 వారాలు తిప్పి, సీలింగుకీ సామాన్లకీ ఇచ్చి, పైపు ఖర్చూ, ఫ్యాన్ల అద్దె కూడా కోసేశారు. జులై మొదటి వారంలో డబ్బు పడింది.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు ప్రతి వాల్వునీ మూసి తెరుస్తాను. తిప్పిన తేదీ దానికే చీటీ కట్టి రాస్తాను.

ఫోను గురించి ఒక మాట. ఏప్రిల్ తర్వాత నాకు నిద్రలో లేని ఫోను మోగినట్టు వినిపించేది. మేలో రెండో నంబరు తీసుకుని అందరికీ రాసి ఇచ్చాను: మంట, నీటి వరద, గ్యాసు వాసన, లిఫ్టులో మనిషి ఇరుక్కోవడం, తాళంచెవి పోయి ఇంటి బయట ఉండిపోవడం, వీటికే రాత్రి నంబరు. గ్యాసు వాసనకి మాత్రం ముందు బయటికి పొండి, తర్వాత ఫోన్ చేయండి అని పెద్దక్షరాల్లో వేశాను. రాత్రి కాల్స్ నెలకి ముప్పై చిల్లర నుంచి నాలుగైదుకి దిగాయి. ఒకటి మాత్రం గుర్తుండిపోయింది. లిఫ్టులో ఒకమ్మాయి ఇరుక్కుంటే, తలుపు బలవంతంగా తీయొద్దని నేర్చుకున్నాను కాబట్టి, మెకానిక్ వచ్చేదాకా 40 నిమిషాలు తలుపుకి ఇవతల నేల మీద కూర్చుని ఆమెతో పిల్లుల గురించి మాట్లాడాను. నాకు పిల్లులంటే పడదు.

జూన్‌లో ఆరు ఇళ్లు ఒకేసారి ఖాళీ అయ్యాయి. డిపాజిట్లు తిరిగివ్వాలి. కాగితం మీదున్న డిపాజిట్ల మొత్తంలో బ్యాంకులో సగానికి కాస్త పైగా ఉంది. ఎవరూ తినేయలేదు, ఎప్పుడో లిఫ్టు రిపేరుకి వాడి మళ్లీ వేయడం మర్చిపోయారు. ముగ్గురు తోబుట్టువుల మధ్య ఆ వారం జరిగిన మాటలు ఇక్కడ రాయను. జులై నుంచి డిపాజిట్లకి విడి ఖాతా. నా 9 ఏళ్ల అకౌంట్స్ పనికొచ్చింది అక్కడే.

ఖాళీ ఇళ్ల విషయంలో ఓనర్లతో నాకు పెద్ద వాదన జరిగింది. చిన్న తమ్ముడు ఒక ఫ్లాటుకి 5 శాతం ఎక్కువ అద్దె వచ్చేదాకా ఇవ్వొద్దన్నాడు. 53 రోజులు ఖాళీగా ఉండి, ఆ రేటుకే పోయింది. ఆయన గెలిచానన్నాడు. నేను కాగితం తీశాను. ఒక నెల ఖాళీ అంటేనే ఏడాది అద్దెలో 8.3 శాతం పోయినట్టు. 53 రోజులంటే 14.5 శాతం. ఏడాదికి 5 శాతం చొప్పున అది తిరిగి రావాలంటే దాదాపు మూడేళ్లు. ఆయన ఏమీ అనలేదు గానీ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇల్లు తిరిగి సిద్ధం చేయడంలో నేనూ తప్పు చేశాను. తొందరలో ముందు రంగులవాళ్లని పిలిచాను, తర్వాత ప్లంబర్ గోడ పగలగొట్టాడు, మళ్లీ రంగు. ముందు పైపులు, కరెంటు, ఆపైన గోడల అతుకులు, రంగు, నేల కడగడం, ఆఖరున తాళం మార్పించడం. ఈ వరస తప్పకుండా చేసేసరికి మాకు 19 రోజులు పట్టే పని 8 రోజులకి వచ్చింది.

అన్నిటికంటే బరువుగా అనిపించింది బకాయి మనిషి. ఫిబ్రవరి నుంచి అద్దె ఇవ్వలేదు. నాకు అడగడానికి మొహమాటం. “వచ్చే వారం” అంటే సరేనని వచ్చేసేదాన్ని. మే నెలలో లాయర్ చేత నోటీసు ఇప్పించాం, అందులో ఫ్లాటు నంబరు ఒక అంకె తప్పు పడింది, మళ్లీ మొదటి నుంచి. అది మేమే చదువుకోవాల్సింది. ఆగస్టులో పెద్దాయన ఫీజులూ, పోయే నెలలూ లెక్కేసి, “రెండు నెలల బకాయి వదిలేద్దాం, మిగతాది వాయిదాల్లో కట్టి, నెలాఖరుకి ఖాళీ చేయమను” అన్నారు. సెప్టెంబరు 2న ఆ బకాయి మనిషి తాళంచెవి ఇచ్చాడు. ఇల్లు శుభ్రంగా తుడిచి ఉంది, గోడకి మేకు కన్నాలు కూడా పూడ్చాడు. “ఉద్యోగం పోయిందండీ. మొదటి నెలలోనే మీరు గట్టిగా అడిగుంటే చిన్న ఇంటికి మారిపోయేవాణ్ణి” అన్నాడు. నా మొహమాటం ఆయనకి ఐదు నెలల అప్పు మిగిల్చింది. ఇప్పుడు ఆరో తేదీ పొద్దున్నే ఫోన్ చేస్తాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఇబ్బందిలో ఉన్నవాళ్లు మాత్రం ఆ రోజే చెబుతారు, వాయిదా రాసుకుంటాం. గత ఐదు నెలల్లో నెల దాటిన బకాయి ఒక్కటే.

ఫిబ్రవరి ఆఖరుకి 86లో 84 నిండాయి. పోయిన వారం ఇంకొక ఓనర్ తన 40 ఫ్లాట్లు కూడా చూడమని అడిగాడు. ఒప్పుకునే ముందు వాళ్ల మేనేజర్‌తో ఒక పూట కాదు, మూడు రోజులు కావాలన్నాను. నిన్న మొదటి రోజు. వాల్వులన్నీ కలిసి తిప్పి చూశాం, రెండు బిగుసుకుపోయి ఉన్నాయి. డిపాజిట్ల ఖాతా చూపించాడు. తాళంచెవులు లెక్కపెట్టుకున్నాం. అగ్రిమెంట్లు అన్నీ ఉన్నాయి, ముచ్చటగా వరసలో. అయినా అడిగాను, “అద్దెకున్నవాళ్లకి నోటి మాటగా మీరు ఏమేం చెప్పారండీ?”

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు సీలింగు కేసి చూశాడు.

“చాలానే ఉన్నాయి మేడమ్” అన్నాడు.

నోటుబుక్కు తెరిచి తేదీ వేశాను. “101 నుంచి చెప్పండి” అన్నాను.